పద్నాలుగో వార్డుకు ఒక మూఢనమ్మకం

గోగులపాలెం పురపాలక సంఘం పరిధిలో మూఢనమ్మకాలు ఎన్ని ఉన్నాయో ఆ ఏడాది వరకూ ఎవరూ లెక్కపెట్టలేదు. కుక్కల లెక్క ఉండేది. వీధి దీపాల లెక్క ఉండేది, అందులో వెలగని వాటి లెక్క విడిగా ఉండేది. నమ్మకాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అలాంటిది, ఎండాకాలం చివర్లో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రజలందరిలోనూ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించవలెననీ, ప్రతి వార్డులోనూ ఉన్న మూఢనమ్మకాలను గుర్తించి, నిర్మూలించి, ఆ సంఖ్యను ఎప్పటికప్పుడు కంప్యూటర్లో ఎక్కించవలెననీ, వర్షాకాలం ముగిసేలోగా పట్టణాలన్నీ మూఢనమ్మక రహిత పట్టణాలుగా ప్రకటించబడవలెననీ దాని సారాంశం.

ఈ వార్త విని ఊళ్లో నిజంగా సంతోషించిన మనిషి కృపావతి ఒక్కతే. ఆవిడ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ప్రతి ఆదివారం సాయంత్రం మున్సిపల్ గ్రంథాలయం పై హాల్లో సైన్సు ప్రసంగాలు ఏర్పాటు చేస్తుంది. ఏర్పాటు చేయడమంటే కుర్చీలు తుడవడం, బోర్డు మీద విషయం రాయడం, ప్రసంగించడం, చివర్లో తనకు తానే వందన సమర్పణ చేసుకోవడం. గ్రహణం నాడు వండిన అన్నం ఎందుకు పాడవదు, జాతకం చెప్పేవాడి మాటలు అందరికీ ఎందుకు సరిపోతాయి, ఫోన్లో వచ్చిన వైద్యాన్ని నమ్మేముందు ఏం చూసుకోవాలి - ఇలాంటివి ఆవిడ విషయాలు. డజను మంది వస్తే ఆ రోజు ఇంటికెళ్లి పాయసం చేసుకునేది. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున రిటైర్డ్ పోస్టుమాస్టరు బాపయ్యగారు ఒక్కరే వచ్చేవారు. ఆయన ముందు వరసలో కూర్చుని, ప్రసంగం అయ్యాక గొడుగు నేలకు ఆనించి లేచి, "అయితే దీనికి ఆధారం ఏమిటండీ?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం కృపావతి వారమంతా చదువుకునేది.

కమిషనర్ పానకాలరావు ఆవిడను ఆఫీసుకు పిలిపించాడు.

"రండి మేడం, కూర్చోండి. ఇన్నేళ్లుగా మీరు ప్రజల్ని ఆలోచించమని బతిమాలుతున్నారు. ఎవరైనా విన్నారా? వినరు. ఎందుకంటే ఇంతవరకూ ఆలోచించడం వారి ఇష్టానికి వదిలేశాం. ఇకమీదట తప్పనిసరి."

కృపావతికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ, సంతోషంలో పట్టించుకోలేదు. ఆవిణ్ణి పద్నాలుగో వార్డుకు శాస్త్రీయ దృక్పథ సమన్వయకర్తగా నియమించారు. మరుసటి సోమవారం మున్సిపల్ ఆఫీసు ఆవరణలో సిబ్బంది అందరి చేతా ప్రతిజ్ఞ చేయించారు. ఏ విషయాన్నీ ప్రశ్నించకుండా అంగీకరించనని అందరూ కుడిచేయి ముందుకు చాచి మూడుసార్లు పలికారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఇంజనీరు కుర్రాడు, మూడుసార్లు ఎందుకండీ అని అడిగాడు. ప్రతిజ్ఞా సమయమున అనవసర ప్రశ్న వేసినందులకు అతనికి సాయంత్రానికల్లా మెమో అందింది.

కృపావతి మాత్రం కాలేజీ అయ్యాక గొడుగు వేసుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. నిబంధన ఏమిటంటే, ఇంటివారు తమంతట తాము "ఇది మూఢనమ్మకమే" అని ఒప్పుకుంటేనే నమోదు చేయాలి. మొదట గాజుల దుకాణం నాగరత్నం దగ్గరికి వెళ్లింది. నాగరత్నం గాజులు తొడుగుతూనే ఊరి మంచిచెడ్డలన్నీ విచారించగల మనిషి. దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

"మూఢనమ్మకాలా? అయ్యి మాకెందుకుంటయ్ మేడం! ఎదురింటోళ్లని అడగండి, వాళ్లకి నిండా ఉంటయ్."

"మరి ఈ నిమ్మకాయ ఏమిటి రత్నం?"

"అది దిష్టికి."

"దిష్టి మూఢనమ్మకం కాదా?"

నాగరత్నం నోరు తెరిచి చూసింది. "దిష్టిని నమ్మేదేందండీ? అది తగులుద్ది. తగిలేదాన్ని నమ్మాల్సిన పనేముంది?"

ఎదురింటివాళ్లు గాజుల దుకాణం వైపు చెయ్యి చూపించారు. ఆ పక్కింట్లో ఉన్నవి ఆచారాలట. వెనకింట్లోవి సంప్రదాయాలు. టైలరు మస్తాన్ మంగళవారం కత్తెర పట్టడు గానీ అది నమ్మకం కాదు, ఆ రోజు సెలవు. నీళ్ల ట్యాంకు పక్కన మేడ కట్టుకున్న కాంట్రాక్టరు ఈశాన్యం గది పడగొట్టి మళ్లీ కట్టించాడు గానీ అది సైన్సు, ఆ సైన్సు చెప్పినాయన దగ్గర కంప్యూటర్ కూడా ఉంది. వార్డంతా తిరిగి చూసేసరికి పద్నాలుగో వార్డులో మూఢనమ్మకమన్నది లేదని తేలింది. కృపావతి నిజాయితీగా సున్నా వేసి ఇచ్చింది.

మిగతా వార్డుల్లో పని జోరుగా సాగింది. తొమ్మిదో వార్డువాళ్లు ఇంటివారికి శ్రమ లేకుండా వాళ్ల తరఫున తామే ఒప్పేసుకుని వేలల్లో చూపించారు. మూడో వార్డులో కుళాయిలకు రోజు విడిచి రోజు నీళ్లొస్తాయనే నమ్మకం ప్రజల్లో బాగా పాతుకుపోయి ఉండేదట. మూడో వార్డు దాన్ని సమూలంగా నిర్మూలించింది.

వారం తిరక్కుండా కృపావతికి పిలుపు వచ్చింది. ఈసారి కమిషనర్ గదికి కాదు, ఈ కార్యక్రమానికి నోడల్ అధికారిగా వేసిన శ్రీమన్నారాయణ గదికి. ఆయన నెమ్మదైన మనిషి. ఏ పనికైనా ఒక దారి ఉంటుందనీ, ఆ దారి ఫైలు గుండానే పోతుందనీ ఆయన అనుభవం.

"సున్నా తీసుకోదండీ," అన్నాడు విచారంగా.

"ఎవరు?"

"కంప్యూటరు. తగ్గుదల శాతం కట్టాలంటే మొదట ఉన్న సంఖ్యతో భాగించాలి. సున్నాతో ఎలా భాగిస్తుంది? ఫిజిక్స్ చెప్పేవారు, మీకు నేను చెప్పాలా?"

"ఉన్నది ఉన్నట్టు రాశానండీ."

"అదే ఇబ్బంది. పద్నాలుగో వార్డు ఒక్కదాని వల్ల పట్టణం మొత్తం ఆగిపోయింది. కమిషనర్ గారు ఆగ్రహంగా ఉన్నారు. పైగా, మూఢనమ్మకాలే లేని వార్డులో మూఢనమ్మకాల మీద ప్రసంగాలెందుకు, ఆ ప్రసంగాలకు హాలెందుకు అని అడిగితే మేమేం సమాధానం చెప్పాలి? చెత్తబండ్ల పాత టైర్లకు చోటు చాలడం లేదు. ఆ హాలు వాటికి ఇవ్వాలని నోట్ తయారవుతోంది."

ఆ హాల్లో ఫ్యాన్లు తిరగవు, వాన పడితే ఒక మూల కారుతుంది. అయినా ఈ ఊళ్లో ఒక మాట గట్టిగా అనుకుని, అది నిజమా కాదా అని నలుగురు కూర్చుని తేల్చుకోగలిగిన చోటు అదొక్కటే.

శ్రీమన్నారాయణ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక మార్గం ఉందండీ. లేనిదాన్ని నిర్మూలించడం సాధ్యం కాదు. కనుక మొదటి దశలో ప్రవేశపెడదాం. రెండో దశలో నిర్మూలిద్దాం."

"దేన్ని?"

"మూఢనమ్మకాన్ని. పెద్దది అక్కర్లేదు. ఒక్కటి చాలు. ఒకటికి ఒకటి పోతే నూటికి నూరు శాతం. జిల్లాలో మొదటి స్థానం మీదే."

"మరి అది మూఢనమ్మకమని ఇంటివాళ్లు ఒప్పుకోవాలిగా?"

"ప్రభుత్వం ప్రవేశపెట్టినది గనుక ప్రభుత్వమే ఒప్పుకుంటుంది."

కృపావతి లేచి వచ్చేసింది. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి, ఆవిడ కాళ్ల చుట్టూ హాలు కొలిచి, టైర్లు నిలబెట్టాలా పడుకోబెట్టాలా అని వాదించుకుంటూ వెళ్లారు. ఆ రోజు ఇంటికి నడుస్తుండగా ఆవిడకు ఒక ఊహ తట్టింది. నమ్మకాలు ఎలా పుడతాయో తను ఎన్నిసార్లు చెప్పింది! చెప్పడమే గానీ చూపించే వీలు ఎప్పుడు దొరికింది? ఏ ఆధారమూ లేని ఒక మాటను ఊళ్లోకి వదిలి, అది పాకాక, అందరినీ పోగేసి, ఇదిగో దీన్ని నేనే పుట్టించాను, ఇంత తేలిగ్గా మీరు నమ్మారు అని చెబితే? వెయ్యి ప్రసంగాల పెట్టు. హాలు కోసం ఒప్పుకుంటున్నానని అనుకోవడానికి మనసొప్పలేదు గానీ, ప్రయోగం కోసం ఒప్పుకుంటున్నాననుకుంటే వెంటనే ఒప్పింది.

బాగా ఆలోచించి తయారుచేసింది. ఎవరికీ హాని ఉండకూడదు. దేవుడి ప్రస్తావన, కులం ప్రస్తావన, ఆడవాళ్ల ప్రస్తావన ఉండకూడదు. వార్డు మలుపులో మున్సిపాలిటీ వారి నీళ్ల మోటారు గది ఉంది. ఈమధ్యే కట్టి ఆకుపచ్చ రంగు వేశారు. బజారుకు పోవాలన్నా, బస్సెక్కాలన్నా దాని ముందు నుంచే వెళ్లాలి. ఆ గది దాటేటప్పుడు కుడిచేతిలో ఉన్న వస్తువును ఎడమచేతికి మార్చుకోవాలి. మార్చుకోకపోతే వెళ్లే పని ఆగిపోతుంది. అంతే.

శ్రీమన్నారాయణ దాన్ని పైకి పంపాడు. ఎవరికీ హాని లేని మూఢనమ్మకం నిర్మూలనకు అర్హమవుతుందా అని ఒక సందేహం వచ్చి, దానికి జవాబు వెళ్లి, ఆమోదం వచ్చింది. చెత్తబండి మైకులో వార్డంతా ప్రకటిస్తామన్నారు. కృపావతి వద్దంది. గాజుల దుకాణానికి వెళ్లి, మట్టిగాజులు బేరం చేస్తూ, వేరే ఎటో చూస్తూ ఆ మాట అనేసింది.

"ఎవరో అంటుంటే విన్నాలే రత్నం."

ఎవరన్నారు అని నాగరత్నం అడుగుతుందేమోనని చూసింది. అడిగితే ప్రయోగం అక్కడే ఆపేయాలని కూడా అనుకుంది. నాగరత్నం చేతిలోని గాజు పట్టుకుని కాసేపు ఆలోచించి, "మరి ఎడమచేతిలో ఉంటే కుడిచేతికి మార్చాల్నా?" అంది.

కృపావతి అంత దూరం ఆలోచించలేదు. "అక్కర్లేదంట," అంది నెమ్మదిగా.

ఆ తర్వాత ఆవిడ చేయాల్సిన పనేమీ మిగల్లేదు. మొదట కూరగాయల సంచులు చేతులు మారాయి. తర్వాత టిఫిన్ క్యారేజీలు, చెప్పుల కవర్లు, చంటిపిల్లలు. ఇరుచేతులా బిందెలున్నవాళ్లు ఏం చేయాలన్న దాని మీద చర్చ జరిగి, ఆగి ఒకదాన్నొకటి తాటిస్తే చాలునని తేలింది. ఎవరు తేల్చారో తెలియదు. పాలిటెక్నిక్ కుర్రాళ్లు దీన్ని చూసి నవ్వారు. పరీక్షల వారం వచ్చేసరికి హాల్ టికెట్లు ఎడమచేతుల్లోకి మారాయి.

అసలు గట్టి రుజువు మోటారు సైకిళ్ల వల్ల దొరికింది. బండి నడిపేవాడి కుడిచేతిలో ఏముంటుంది? యాక్సిలరేటరు ఉంటుంది. గది ముందుకు రాగానే దాన్ని వదిలి ఎడమచేత్తో అందుకోబోయేవారు. బండి కాసేపు దగ్గి ఆగిపోయేది. వెనక వచ్చే బండి దీనికి తగిలి అదీ ఆగేది. చేయి మార్చుకోవడం ఆలస్యమైతే బళ్లు ఉన్నచోటే ఆగిపోతున్నాయనీ, ఇది కళ్లతో చూసిన సంగతనీ ఊరంతా చెప్పుకున్నారు. గది గోడకు ఎవరో పసుపు రాశారు. మున్సిపాలిటీ తుడిపించింది. తుడిచినవాడు చీపురు ఎడమచేత్తో పట్టుకుని తుడిచాడు.

కృపావతికి ఇదంతా మొదట్లో నవ్వు తెప్పించింది. ప్రసంగానికి పనికొస్తుందని రోజూ ఆ మలుపులో కాసేపు నిలబడి చూసేది. అలా చూస్తున్న ఒక సాయంత్రం బాపయ్యగారు వచ్చారు. మోటారు గది దగ్గరికి రాగానే, ఏమీ ఎరగనట్టు ముందుకే చూస్తూ, గొడుగును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నారు.

"బాపయ్యగారూ!"

ఆయన ఉలిక్కిపడ్డారు. ముఖం ఎర్రబడింది. "అబ్బే, నేను నమ్మి కాదండీ."

"మరి?"

"చేయి మారిస్తే పోయేదేముందండీ? ఖర్చా, శ్రమా? నమ్మినవాళ్లు మారుస్తున్నారు. నేను నమ్మకుండా మారుస్తున్నాను. రెండింటికీ ఎంత తేడా!"

ఆ రాత్రి కృపావతి అన్నం సరిగ్గా తినలేదు. ముందు వరసలో ఇన్నేళ్లు కూర్చున్న మనిషి! తను చెప్పినదంతా ఆయన విన్నారు, ఒప్పుకున్నారు, మెచ్చుకున్నారు. గొడుగు మాత్రం వినలేదు. తెల్లారగానే శ్రీమన్నారాయణకు ఫోన్ చేసి, రెండో దశ వెంటనే మొదలుపెట్టాలంది.

సభ మోటారు గది ముందే ఏర్పాటయింది. రాజధాని నుంచి పరిశీలక బృందం వచ్చింది. కృపావతి తన జీవితంలో అంతమందిని తన ముందు చూడలేదు. రోడ్డు నిండిపోయింది. మేడల మీద కూడా నిలబడ్డారు. కమిషనర్ పానకాలరావు లేచి, శాస్త్రీయ దృక్పథమనునది దశలవారీగా అమలు కావలసిన విషయమనీ, గోగులపాలెం ఇందులో రాష్ట్రానికే దారి చూపిస్తున్నదనీ చెప్పి, మైకు కృపావతికి ఇచ్చాడు.

ఆవిడ దాచుకోకుండా చెప్పేసింది. "ఈ నమ్మకం ఎక్కడి నుంచో రాలేదు. నేనే పుట్టించాను. ఇందులో ఏమీ లేదు. గాజుల దుకాణంలో కూర్చుని ఒక మాట అన్నాను, అంతే. ఎవరూ 'ఎవరన్నారు, ఎందుకన్నారు' అని అడగలేదు. అందుకే చెబుతున్నాను, ఏది విన్నా ముందు ఆధారం అడగండి."

జనం శ్రద్ధగా విన్నారు. తర్వాత వెనక నుంచి టైలరు మస్తాన్ గొంతు వినిపించింది. "మరి మీరే పుట్టించారనేదానికి ఆధారమేంది మేడం?"

కృపావతి అతనివైపు తిరిగింది. "నేను చెబుతున్నానుగా!"

"ఎవరో చెప్పారని దేన్నీ నమ్మొద్దని మీరేగా అండీ చెప్పేది," అన్నారు బాపయ్యగారు, చాలా మర్యాదగా. జనం చప్పట్లు కొట్టారు.

ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఇయ్యాలొచ్చింది కాదు తల్లీ ఇది. మా అత్త చేయి మార్చుకోకుండా ఈ గది ముందర అడుగు పెట్టేది కాదు."

"మామ్మా, ఈ గది కట్టింది మొన్నేగా! శిలాఫలకం అక్కడే ఉంది చూడండి."

"గది మొన్నే కట్టుంటారు. మా అత్త అంతకుముందు నుంచే మార్చుకునేది."

కృపావతి సాయం కోసం శ్రీమన్నారాయణ వైపు చూసింది. మొదటి దశ ఆయన ద్వారానే జరిగింది, ఆయన చెబితే సరిపోతుంది. ఆయన దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "మున్సిపాలిటీ నమ్మకం పుట్టించిందని రాస్తే ఆడిట్ ఒప్పుకోదండీ. అందుకని 'అనాదిగా ప్రచారంలో ఉన్న' అని రాశాం. ఇప్పుడు నేను వేరేగా చెబితే రికార్డుకు విరుద్ధం."

నాగరత్నం జాలిగా కృపావతి చేయి పట్టుకుంది. "మీరు చెప్పింది నిజమే మేడం, నాకు మీరే చెప్పారు. కానీ మీ అంతట మీరు చెప్పారనుకుంటన్నారు. ఆ గదే మీ నోట పలికించిందేమో, మీకెట్టా తెలుసుద్ది?"

ఇక మాటలతో లాభం లేదని కృపావతికి అర్థమైంది. "అయితే చూపిస్తాను. కమిషనర్ గారు కుడిచేత్తో ఫైలు పట్టుకుని ఈ గది దాటుతారు. ఏమీ కాదు. మీరే చూడండి."

ఇది కార్యక్రమంలో లేని అంశం. పానకాలరావు చిరునవ్వుతో లేచాడు. ఫైలు కుడిచేతిలోకి తీసుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. ఆయన పదోన్నతి కాగితాలు రాజధానిలో కదులుతూ ఆగుతూ ఉన్నాయని ఊరందరికీ తెలుసు. గది ముందుకు రాగానే ఆయనకు దగ్గు వచ్చింది. ఫైలు శ్రీమన్నారాయణకు అందించి జేబురుమాలు వెతుక్కున్నాడు. శ్రీమన్నారాయణ కూతురి పెళ్లి సంబంధం నడుస్తోంది. ఆయన ఫైలును అటెండరుకిచ్చాడు. అటెండరు దాన్ని వేదిక మీద జాగ్రత్తగా పెట్టి వచ్చాడు. ముగ్గురూ ఖాళీ చేతులు ఊపుకుంటూ గది దాటారు. ఖాళీ చేతులతో దాటినందున నమ్మకాన్ని పాటించడం గానీ ఉల్లంఘించడం గానీ జరగలేదని పరిశీలక బృందం రాసుకుంది.

కృపావతికి ఒళ్లు మండింది. మైకు కుడిచేతిలో బిగించి పట్టుకుని, "చూడండి, నేను దాటుతున్నాను, నా చేయి మారలేదు, నా పని నా ప్రసంగం, అది ఆగదు, ఎందుకంటే..." అంటూ గది ముందుకు నడిచింది. మైకు తీగ ఎంత పొడవుంటుందో అంతే ఉంటుంది. సరిగ్గా తలుపు ముందుకు వచ్చేసరికి అది బిగిసి, ఆ చివర పెట్టెలోంచి ఊడింది. ఆవిడ గొంతు ఠక్కున ఆగిపోయింది.

"ఆగిపోయింది!" అని జనం ఒక్కసారిగా అన్నారు.

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. తీగ గురించి, పొడవు గురించి, కాకతాళీయం గురించి గట్టిగా అరిచి చెప్పింది. ముందున్న ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ వినబడలేదు. వాళ్లు కూడా చేతులు జోడించి నిలబడ్డారు.

నెల తిరక్కుండా గోగులపాలెం మూఢనమ్మక రహిత పట్టణంగా ప్రకటించబడింది. ఒకటికి ఒకటి నిర్మూలించి పద్నాలుగో వార్డు జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. పానకాలరావు రాజధానికి వెళ్లి షీల్డు అందుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఊరేగింపు మోటారు గది ముందు నుంచి సాగింది. అక్కడికి రాగానే ఆయన షీల్డు ఎడమచేతికి మార్చుకున్నాడు. హాలును టైర్లకు ఇవ్వాలన్న నోట్ రద్దయింది.

ఆ ఆదివారం కృపావతి హాలు తాళం తీయడానికి వెళ్లింది గానీ, ప్రసంగించే ఉద్దేశంతో కాదు. ఈ జనానికి ఇక చెప్పేదేముందని మానేయాలనుకుంది. తీరా చూస్తే మెట్ల కింది దాకా జనం. ముందు సంబరపడింది. తర్వాత వాళ్ల మాటలు చెవిన పడ్డాయి. ఈసారి ఆవిడ నోట ఏం పలుకుతుందోనని వచ్చారు. ఆవిడ కుర్చీలో కూలబడింది. ఏం మాట్లాడినా ప్రమాదమే. ఈ రోజు ఉక్కగా ఉందంటే రేపటికి అది ఇంకేదో అవుతుంది.

అప్పుడు నాగరత్నం లేచింది. అందరిలాగా చేతులు కట్టుకుని లేవలేదు, విసుగ్గా లేచింది.

"నాకొకటి తేల్చి చెప్పండి మేడం. మట్టిగాజుల పెట్టె కుడిచేతి కిందే కుదురుగా ఉంటది. ఆ గది ముందర ఎడమకి మార్చబోయి మొన్న సగం గాజులు పగలగొట్టుకున్నా. పని ఆగిపోద్దని మారిస్తే, మార్చినందుకే నా పని నాశనమయింది. మార్చకపోతే నిజంగానే ఆగుద్దా?"

కృపావతి మెల్లగా తల ఎత్తింది. నెల రోజుల్లో ఆవిడ విన్న మొదటి అసలైన ప్రశ్న అది.

"నాకు తెలియదు రత్నం," అంది. "నేను చెబితే నమ్మొద్దు. చూద్దాం. రేపటి నుంచి వారం పాటు నువ్వు మార్చకుండా వెళ్లు. ఏ రోజు పని అయిందో, ఏ రోజు ఆగిందో వచ్చి అందరికీ చెప్పు."

నాగరత్నం వారం పాటు పెట్టె కుడిచంకలో పెట్టుకుని దర్జాగా గది దాటింది. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. పెళ్లివారి ఇంట్లో బేరం కుదిరింది. బస్సు దొరికింది. ఒక్క గాజు పగల్లేదు. మరుసటి ఆదివారం ఆ మాటే హాల్లో చెప్పింది. జనం గుసగుసలాడుకున్నారు. చివరికి మస్తాన్ లేచి అందరి తరఫునా తీర్పు చెప్పాడు.

"గాజులోళ్లకి వర్తించదండీ అది."

అందరూ తలలూపారు. కృపావతి నుదురు కొట్టుకోబోయి ఆగిపోయింది. నాగరత్నం ముఖం వెలిగిపోతోంది. "వర్తించదంట! ఇంక నేను హాయిగా పోతా," అంటోంది. మస్తాన్ మాత్రం కూర్చోలేదు.

"మరి టైలర్లకి వర్తిస్తదో లేదో ఎట్టా తెలుస్తదండీ? గుడ్డ మడతలు చేయి మార్చేసరికి నలిగిపోతన్నయ్."

కృపావతి సుద్దముక్క అందుకుంది. "ఒక వారం చూడండి మస్తాన్ గారూ," అంది.

టైలర్లకు వర్తించదని తేలింది. ఆ పై వారం పాలవాళ్లు వచ్చారు. తర్వాత ఆటోవాళ్లు, మోటారు సైకిళ్లవాళ్లు, పాలిటెక్నిక్ పిల్లలు. ఎవరికి వారు గది దాటి చూసుకున్నారు, ఏం జరిగిందో హాల్లో నిలబడి చెప్పారు. అబద్ధమాడితే పక్కవాడు పట్టుకున్నాడు. ఒకతను పని ఆగిందంటే, అది చేయి మార్చుకున్న రోజు కూడా ఆగిందిగా అని ఇంకొకతను అడిగాడు. ఆ ప్రశ్న విన్న రోజున కృపావతి ఇంటికెళ్లి పాయసం చేసుకుంది. బాపయ్యగారు తమ వారం వచ్చినప్పుడు గొడుగు కుడిచేతిలోనే ఉంచి గది ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగారు. రిటైరైనవాళ్లకు వర్తించదని ఆయనే ప్రకటించి, మొదటిసారి ఆధారం కూడా తానే చెప్పారు. దీపావళి నాటికి పద్నాలుగో వార్డులో ఆ నమ్మకం చెక్కుచెదరకుండా ఉంది. అది వర్తించే మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

అప్పుడు వచ్చాడు శ్రీమన్నారాయణ. వెనక వరసలో కూర్చుని, అందరూ వెళ్లిపోయాక దగ్గరికొచ్చాడు.

"మేడం, మా ఆఫీసు సిబ్బంది అందరం ఇంకా మార్చుకుంటూనే ఉన్నామండీ. ఊళ్లో నవ్వుతున్నారు. మాకు కూడా వర్తించదని మీరొక మాట..."

"నేను చెప్పేదేం లేదండీ. ఒక వారం మార్చుకుని ఆఫీసుకు వెళ్లండి. ఒక వారం మార్చుకోకుండా వెళ్లండి. ఏ వారంలో పనులు ఆగాయో పోల్చి చూడండి, తేలిపోతుంది."

ఆయన దీన్ని పద్ధతిగా చేయించాడు. పురపాలక సంఘం సిబ్బంది మొత్తం మొదటి వారం ఫైళ్లు ఎడమచేతికి మార్చుకుని గది దాటారు. రెండో వారం కుడిచేతిలోనే ఉంచుకుని దాటారు. రెండు వారాల్లోనూ ఏయే పనులు ఆగాయో శ్రద్ధగా చూశారు. మూడో ఆదివారం శ్రీమన్నారాయణ హాల్లో లేచి నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, చాలా విచారంగా చెప్పాడు.

"ఏమీ తేల్లేదండీ. రెండు వారాలూ అన్నీ ఆగే ఉన్నాయి."